మనోవికాస్‌నగర్ దాకా

మా తమ్ముడికి రైలు ప్రయాణమంటే ప్రాణం. తెనాలిలో బండి కదలగానే కిటికీ ప్రక్క కూర్చొని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకొని, బయటికి చూస్తూ ఉండిపోతాడు. స్టేషను వచ్చినప్పుడల్లా “ఏ ఊరక్కా?” అంటాడు. చెప్తే ఆ పేరు మూడుసార్లు పైకి అనుకొని మళ్ళీ మౌనంలో పడతాడు. గుంటూరు, గుంటూరు, గుంటూరు. ఎదుటి బల్లమీది పెద్దమనిషి మొదట నవ్వాడు, తరువాత మా అమ్మ ముఖం చూసి నవ్వు మానేశాడు. వాడికి ముప్ఫైనాలుగేళ్ళు. చక్కగా దువ్విన తల, ఇస్త్రీ చొక్కా. చూసినవాళ్ళు ఏ బ్యాంకు గుమాస్తానో అనుకొంటారు. చొక్కా గుండీలు పెట్టింది మాత్రం మా అమ్మ.

వేసవి సెలవుల్లో జనం కొండలకో గుడులకో పోతారు. మేము ముగ్గురమూ సికింద్రాబాదుకు బయలుదేరాము, బోయిన్‌పల్లిలో ఉన్న ఒక సంస్థను చూడడానికి. వాడి చిన్నతనంలో నాన్న రెండుసార్లు తీసుకువెళ్ళారు. ఆ తరువాత ఎవరమూ వెళ్ళలేదు. నాన్న పోయి ఆరేళ్ళయింది. అమ్మకు డెబ్భైమూడు. ఈ సంక్రాంతికి ముగ్గు వేస్తూ వేస్తూ లేవలేక అలాగే కూర్చుండిపోయి, “నా తరవాత వీడికి ఎవరే, అమ్మాయ్?” అన్నది. నేనున్నాను కదమ్మా అన్నాను. “నీ తరవాత?” అన్నది. ఇరవై ఏళ్ళుగా కళాశాలలో ఛందస్సూ వ్యాకరణమూ చెప్తున్నదాన్ని. ఆ చిన్న ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది.

కృష్ణ దాటాక తమ్ముడు ఎదుటి పెద్దమనిషి చదివి పడేసిన దినపత్రిక తీసుకొన్నాడు. వాడికి అక్షరాలు రావు. పత్రికను ఒళ్ళో పరచి, అంచుకు అంచు కలిపి, బొటనవేలితో గట్టిగా ఒత్తి మడత పెట్టాడు. దాన్ని మళ్ళీ మడిచాడు. మా ఇంట్లో పాత పత్రికల దొంతర చూస్తే ఇటుకలు పేర్చినట్టు ఉంటుంది. “ఆయన పత్రిక, ఇచ్చెయ్ నాన్నా” అని అమ్మ లాక్కోబోయింది. పెద్దమనిషి “ఉండనీయండమ్మా” అన్నాడు. ఈ సంగతి ఇక్కడ ఎందుకు రాస్తున్నానో తరువాత తెలుస్తుంది. అప్పుడు మాత్రం నాకు తెలియదు.

సికింద్రాబాదు స్టేషనునుంచి ప్యారడైజు, తాడ్‌బండ్ ఆంజనేయస్వామి గుడి మీదుగా బోయిన్‌పల్లి పోవాలి. ఆటో అబ్బాయికి సంస్థ పేరు చెప్తే తెలియలేదు. మనోవికాస్‌నగర్ అంటే మాత్రం “అట్ల చెప్పుండ్రి మేడమ్” అని తిప్పేశాడు. అతని తప్పేమీ లేదు, సంస్థ పేరు అంత పొడుగు! 1984లో కేంద్రప్రభుత్వం దీన్ని స్థాపించినప్పుడు ‘మెంటల్లీ హ్యాండికాప్డ్’ అన్న మాటలతో పేరు పెట్టారు. తరువాత ఆ మాటలు తీసేసి మేధోవైకల్యమున్నవారి సాధికారత అని అర్థం వచ్చేట్టు మార్చారు. ఇప్పుడు పొడి అక్షరాల్లో ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. అంటున్నారు. తెలుగు పంతులమ్మను కనుక పేర్ల దగ్గర ఆగకుండా ఉండలేను. ఇలాంటివారికి మన భాషలో మాటలు తక్కువా? మందమతి, వెర్రిబాగులవాడు, పిచ్చిమాలోకం. మా వీధిలో మా తమ్ముణ్ణి ఇవన్నీ అన్నారు. వీటిలో అమాయకుడన్న మాటొక్కటే మా అమ్మ ఒప్పుకొంటుంది.

ఆవరణలో చెట్ల క్రింద అప్పటికే జనం ఉన్నారు. చంకలో పసిపిల్లలతో తల్లులు, చేతికర్రలతో తాతలు, మీసాలు వచ్చిన కొడుకుల చేతులు పట్టుకొన్న తండ్రులు. తెలుగూ ఉర్దూ మరాఠీ కలిసి వినిపించాయి. 2011 జనాభా లెక్కలలో దేశం మొత్తంమీద ఇలాంటివారు సుమారు 15 లక్షల మంది అని తేలింది. లెక్కగా చదివితే అది ఒక అంకె. అందులో ముప్ఫైమందిని ఒక చెట్టుక్రింద చూస్తే వేరు. అమ్మ చాలాసేపు చుట్టూ చూసి, “ఇంతమందే!” అన్నది. ఆమె ముఖంలో కొంచెం తేలికదనం కనిపించింది.

లోపల మాతో మాట్లాడినామె వయసులో నాకన్న చిన్నది. చేతిలో ఒక పట్టిక ఉంది. ఇలాంటి పట్టికలు చాలా ఉన్నాయట. మన ప్రక్కనే మద్రాసులో తయారైనదొకటి దేశమంతటా వాడుకలో ఉంది. 18 విభాగాలు, విభాగానికి 20 చొప్పున 360 పనులు. తినడం, బట్టలు వేసుకోవడం, డబ్బు గుర్తించడం, వేళ తెలుసుకోవడం మొదలైనవి. ఏది చేయగలడో, ఏది ఇంకా చేయలేడో గుర్తు పెడతారు. మనం పరీక్ష పేపర్లలో తప్పులు వెతికేవాళ్ళం. ఇందులో ముందుగా చూసేది చేతనైన పనిని.

“నీకేం పని ఇష్టం బాబూ?” అని అడిగిందామె. 

“వాడికేం పనమ్మా, మేము చేయనిస్తామా!” అన్నది అమ్మ.

“అతణ్ణి అడిగానండీ” అన్నది ఆమె నెమ్మదిగా. అడిగి, ఊరుకొంది. ఎంతసేపు ఊరుకొందంటే నాకు ఊపిరాడలేదు. నేనైతే తరగతిలో అంతసేపు ఏ విద్యార్థికీ వ్యవధి ఇవ్వలేదు. తమ్ముడు బల్లవైపు చూశాడు, గోడవైపు చూశాడు, చివరికి ఆమె బల్లమీది కాగితం తీసుకొని అంచుకు అంచు కలిపి మడిచాడు.

ఆమె ఏదో రాసుకొంది.

గుండీల సంగతి వచ్చినప్పుడు అమ్మ, “రావు. ముప్ఫై ఏళ్ళుగా నేనే పెడుతున్నాను” అన్నది. అందులో గర్వమూ ఉంది. ఆమె తప్పుపట్టలేదు. “రేపట్నుంచి అయిదు గుండీలు మీరు పెట్టి చిట్టచివరిది అతనికి వదలండి. అది వచ్చాక చివరి రెండూ, తరువాత మూడూ” అన్నది. మొదటినుంచి నేర్పితే పని పూర్తయ్యేలోగా విసుగు పుడుతుంది. చివరినుంచి నేర్పితే ప్రతిరోజూ పని ముగించింది తానే అవుతాడు. ఎంత చిన్న సూత్రం! ఇరవై ఏళ్ళ ఉపాధ్యాయవృత్తిలో నాకెవరూ చెప్పలేదు.

మరునాడు ఆమే మరొక చోటికి దారి చెప్పింది. అది ప్రభుత్వానిది కాదు. కొందరు తల్లిదండ్రులు కలిసి ఒక అద్దె ఇంట్లో నడుపుతున్న పనిశాల. పేరూ వీధీ రాయవద్దన్నారు. గుమ్మం ముందు ఇరవై జతల చెప్పులు వరసగా ఉన్నాయి. లోపల ఒక గదిలో కాగితపు సంచులు, ఒక గదిలో ఫినాయిలు సీసాలు, నడవలో అగరువత్తులు కట్టడం. పనిచేసేవారిలో పద్ధెనిమిదేళ్ళవారినుంచి నలభై దాటినవారిదాకా ఉన్నారు.

అగరువత్తుల దగ్గర ఒకమ్మాయిని చూసి నిలబడిపోయాను. ఆమెకు లెక్క రాదు. మూడు తరువాత ఏమిటంటే నవ్వుతుంది. కాని ఆమె కట్టిన పొట్లాల్లో ఒక్కదానిలోనైనా వత్తులు తక్కువగాని ఎక్కువగాని ఉండవు. ఎలాగంటే, ఆమె ముందు పన్నెండు గాళ్ళు చెక్కిన ఒక చెక్క ఉంది. గాడికొక వత్తి పెడుతుంది. గాళ్ళన్నీ నిండాక ఎత్తి పొట్లంలో వేస్తుంది. అంతే! ఆ లెక్కంతా చెక్క చూసుకొంటుంది. ఆ చెక్క చేసిన వడ్రంగికి ఎంతిచ్చారో అడగలేదుగాని, మా కళాశాలలో ఉన్న కంప్యూటర్లకంటే అది తెలివైనదనిపించింది.

మనకు పరమానందయ్య శిష్యుల కథలున్నాయి. ఏరు దాటి లెక్కపెట్టుకొంటూ తనను తాను వదిలేసి, ఒకడు తగ్గాడని ఏడ్చినవాళ్ళు. చిన్నప్పుడు ఆ కథకు పడిపడి నవ్వేదాన్ని. పెళ్ళయి పిల్లలు పుట్టాక వాళ్ళకూ చెప్పి నవ్వించాను. ఆ నడవలో నిలబడి ఉండగా ఆ శిష్యులకు ఒక గాళ్ళ చెక్క ఇచ్చి ఉంటే అనిపించింది. ఇంకొకటి కూడా తోచింది. మా ఇంట్లో ఎవరెవరు ఏమేం చేస్తారని అడిగితే అన్నయ్య ఇంజనీరు, నేను లెక్చరరు అంటాము. అక్కడితో లెక్క ఆపేస్తాము.

పనిశాల నడిపే ఆయన బ్యాంకులో పనిచేసి విరమించారు. ఆయన కుమారుడు ఫినాయిలు గదిలో ఉన్నాడు. కాఫీ ఇచ్చి చాలాసేపు మాట్లాడారు. ఆయన చెప్పిన ఒక అమెరికా పండితుడి సంగతి నాకు బాగా నచ్చింది. మార్క్ గోల్డ్ అని, 1970ల ప్రాంతంలో, వీళ్ళేమీ నేర్చుకోలేరని చెప్పి పెద్ద పెద్ద శరణాలయాల్లో వదిలేసిన మనుషులచేత సైకిలు బ్రేకు బిగింపించాడట. 15 భాగాలున్న బ్రేకు! పనిని చిన్నచిన్న మెట్లుగా విడదీయడం అతని పద్ధతి. నేర్చుకొనేవాడు తడబడితే తప్పన్న మాట నోట రానివ్వక, ఇంకో విధంగా చేసి చూడు అనేవాడు. రాకపోతే లోపం నేర్పినవాడిదేనని అతని వాదం. ఇది విని కాఫీ చల్లారేదాకా నేనేమీ మాట్లాడలేదు. మా తమ్ముణ్ణి ఆరేళ్ళప్పుడు ఒక బడిలో వేశారు. పదిరోజుల తరువాత “మీ వాడివల్ల మిగతా పిల్లలు చెడిపోతున్నారు” అని పలకాసంచీతో సహా ఇంటికి పంపించేశారు. నాన్న ఆ సంచీని చాలా ఏళ్ళు అటకమీద దాచారు.

పనిశాల చూసి ముచ్చటపడ్డానుగాని, అక్కడితో సరిపోదని ఆయనే అన్నారు. దీపావళికి ప్రమిదలు జాలితో కొంటారు. జాలితో కొన్నవారు ఉగాదికి రారు. ఒక్కొక్కరికి నెలకు ముట్టేది చాలా స్వల్పం. దాన్ని జీతమనడానికి ఆయనకే నోరు రావడంలేదు. పైగా అందరూ ఇలాంటివాళ్ళే ఒక ఇంట్లో చేరి పనిచేస్తే బయటి మనుషులు వీళ్ళనూ, వీళ్ళు బయటి మనుషులనూ ఎప్పుడు చూస్తారు? అందుచేత ఇప్పుడు మరొక పద్ధతి వచ్చింది. ముందు అన్నీ నేర్పి ఆ తరువాత ఉద్యోగం వెతకడం కాక, ముందే ఒక అసలైన పనిలో ప్రవేశపెట్టి అక్కడే నేర్పడం. ప్రక్కన ఒక తోడుమనిషి ఉంటుంది. ఇంగ్లీషులో జాబ్‌కోచ్ అంటారు. మొదటి వారం ఆమె ప్రక్కనే నిలబడుతుంది. తరువాత రెండడుగులు వెనక్కు, ఆ తరువాత తలుపు దగ్గర. చివరికి వారానికోమారు వచ్చి చూసి పోతుంది. అలా తప్పుకోవడమే ఆ ఉద్యోగంలోని అసలు కష్టమట. తల్లులు ఈ పనికి పనికిరారని ఆయన నవ్వుతూ అంటే, మా అమ్మ నవ్వలేదు.

ఇది వట్టి మాట కాదు. 2017లో కర్ణాటకలో హుబ్బళ్ళిలో ‘మిట్టీ కెఫే’ అని ఒక చిన్న కాఫీహోటలు మొదలైంది. అక్కడ కాఫీ అందించేవారు, బిల్లు చూసేవారు వివిధ వైకల్యాలున్నవారు. 2023 నవంబరులో అదే సంస్థ శాఖ ఢిల్లీలో సుప్రీంకోర్టు ఆవరణలోనే తెరుచుకొంది. న్యాయమూర్తులకూ వకీళ్ళకూ ఇలాంటివారు కాఫీ ఇస్తున్నారంటే మా అమ్మ మొదట నమ్మలేదు.

చట్టం సంగతి కూడా ఆయన దగ్గరే సరిగా విన్నాను. 1995లో వచ్చిన వికలాంగుల చట్టంలో బుద్ధిమాంద్యం పేరు ఉండనే ఉంది; కాని ఉద్యోగాలలో కేటాయించిన 3 శాతం చూపు, వినికిడి, కాళ్ళూ చేతుల లోపాలున్నవారికే పోయింది. పంక్తిలో కూర్చోబెట్టి విస్తరి వేయనట్టు! 2016 నాటి కొత్త చట్టంలో ఆ వాటా 4 శాతమైంది, గుర్తించిన వైకల్యాలు ఏడునుంచి 21 అయ్యాయి. ఆ నాలుగింటిలో ఒక శాతంలో ఆటిజం, మేధోవైకల్యం, చదువులో ప్రత్యేకమైన ఇబ్బందులు, మానసిక వ్యాధులు, ఒకటికి మించిన వైకల్యాలు ఉన్నవారందరూ సర్దుకోవాలి. ఇది మంచిదే. కాని అక్షరాలు రానివాడు ఉద్యోగపు దరఖాస్తు ఎలా నింపుతాడు, వ్రాతపరీక్ష ఎలా రాస్తాడు? చట్టం తలుపు తీసింది, గడప మాత్రం ఎత్తుగానే ఉందని నా అభిప్రాయం.

అమ్మ ప్రశ్నకు కూడా కొంత సమాధానం అక్కడే దొరికింది. పిల్లవాడికి పద్ధెనిమిది నిండాక తల్లిదండ్రులు తమంత తామే చట్టరీత్యా సంరక్షకులు కారట! ఈ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టమని ఒకటి వచ్చింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధోవైకల్యం, బహుళవైకల్యం ఉన్నవారికోసం. దాని క్రింద జిల్లా స్థాయిలో ఒక సంఘం ఉంటుంది. అందులో కలెక్టరు స్థాయి అధికారి ఒకరు, ఈ రంగంలో పనిచేసే నమోదైన సంస్థ ప్రతినిధి ఒకరు, వైకల్యమున్న వ్యక్తి ఒకరు. తల్లిదండ్రులో బంధువులో దరఖాస్తు పెట్టుకొంటే విచారించి సంరక్షకులను నియమిస్తారు. అదే ట్రస్టువారి ‘నిరామయ’ పథకంలో లక్ష రూపాయలదాకా ఆరోగ్యభీమా ఉంది. పింఛను మా తమ్ముడికి వస్తూనే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో అది 2024 జూలైనుంచి 6,000 రూపాయలైంది. డబ్బు సంగతి అలా కొంత గడుస్తుంది. పొద్దున్న లేచి వాడు ఎక్కడికి వెళ్తాడన్నదే మిగిలిపోయింది.

ఆ ప్రశ్నతోనే తిరుగు బండి ఎక్కాము. నల్లగొండ దాటాక తమ్ముడు నా చేతిసంచీలోంచి సంస్థవారిచ్చిన కాగితాలన్నీ తీసి మడతలు పెట్టసాగాడు. అమ్మ వారించబోయి ఆగింది. నేను వాడి బొటనవేలివైపు చూస్తున్నాను. ఒక మడత, దాన్ని అడ్డంగా తిప్పి ఇంకో మడత, మళ్ళీ తిప్పి మూడో మడత. ఒక్కదానిలోనైనా అంచు దారమంత తేడా లేదు.

మా ఊళ్ళో నాన్న స్నేహితుడొకాయనకు ప్రెస్సు ఉంది. పంచాంగాలు, బిల్లు పుస్తకాలు, శుభలేఖలు అచ్చువేస్తారు. పదహారు పేజీల ఫారం బైండింగుకు పోయేముందు మూడు మడతలు పెట్టాలి. ఊరు చేరిన మూడోరోజున వెళ్ళి అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకొని, “బాబా? పనికా?” అన్నారు. తరువాత, “సరే తల్లీ, పదిరోజులు రమ్మను. మడతలు వంకరపోతే మాత్రం మొహమాటం లేకుండా చెప్తాను” అన్నారు. మొహమాటం లేకుండా ఉంటానన్న ఆ మాటే నాకు కొండంత ధైర్యమిచ్చింది. “బాబాయిగారూ, అంతమాత్రం చాలు. కాని ఊరికే వద్దు, అందరికీ ఇచ్చే కూలి లెక్కనే ఇవ్వాలి” అన్నాను. ఆయన ఒక క్షణం ఆలోచించి తల ఊపారు.

మొదటిరోజు ఫారం తిరగేసి మడిచాడు, పేజీలు తలక్రిందులయ్యాయి. ప్రక్కనున్న కుర్రవాడు గట్టిగా నవ్వాడు. నాకు చటాక్కున కోపం వచ్చి, ఫారం లాక్కొని నేనే మడవబోయాను. అప్పుడు సికింద్రాబాదులో ఆమె ఊరుకొన్న తీరు గుర్తుకొచ్చింది. ఆ సాయంత్రం ప్రతి ఫారానికీ ఒక మూల ఎర్రపెన్సిలుతో చుక్క పెట్టాము. చుక్క ఎప్పుడూ ఎడమచేతి బొటనవేలి క్రింద ఉండాలి. రెండోరోజు అయిదు ఫారాలు తిరగబడ్డాయి, నాలుగోరోజు రెండు. నవ్విన కుర్రవాడే ఇప్పుడు ఆ చుక్కలు పెడుతున్నాడు. పనైతే నెమ్మది; మిగిలినవారు వంద మడిచే వేళకు వీడు అరవై మడుస్తాడు. కూలి మడిచినదానికే కనుక ఆయనకు నష్టం లేదు. తక్కువ వస్తుందని మా అమ్మకే కాస్త బాధ.

ఇవాళ పదకొండోరోజు. పదిరోజుల గడువు నిన్నటితో ముగిసింది. ఆయన ఆ మాటే ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పొద్దున్న అమ్మ చేతులు చెంగులో చుట్టుకొని గడపమీద కూర్చొంది. తమ్ముడు అద్దం ముందు క్రిందినుంచి మూడు గుండీలు తానే పెట్టుకొన్నాడు. మూడో దానికి చాలాసేపు పట్టింది, ప్రెస్సుకు ఆలస్యమవుతుందేమోనని నాకు కంగారు. ప్రెస్సు వీధి మలుపుదాకా తోడు వెళ్ళి అక్కడ ఆగిపోయాను. వాడు ఒకసారి వెనక్కు తిరిగి, “సాయంత్రం రా అక్కా, సాయంత్రం రా, సాయంత్రం రా” అని చెప్పి లోపలికి వెళ్ళాడు.